ఇంగ్లీషు క్లాసులో క్విజ్ ఆట: తప్పు ఆప్షన్ రాయడం నుంచి రిపోర్టు చదవడం దాకా

ఆన్‌లైన్ క్విజ్ పెట్టిన రోజు క్లాసు హుషారుగా ఉంటుంది. ఆ హుషారులో ఇరవై ప్రశ్నలు గబగబా నడిపి, గెలిచినవాడికి చప్పట్లు కొట్టించి, గంట మోగగానే ముగిస్తే, వచ్చిన పిల్లలకు వచ్చిందే మళ్లీ వస్తుంది, రానివాళ్లకు రానిది రానట్టే మిగిలిపోతుంది. క్విజ్‌కి అసలు బలం రెండు చోట్ల ఉంది. ఒకటి, మీరు కూర్చుని రాసే తప్పు ఆప్షన్లు. రెండోది, జవాబు తెర మీద పడ్డాక మీరు ఆగి మాట్లాడించే రెండు నిమిషాలు. ఈ రెండూ కుదిరితే ఏ యాప్ వాడినా పని జరుగుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన యాప్ అయినా కాలక్షేపమే.

ఇక్కడ చెప్పేదంతా అనంతపురం జిల్లాలోని జిల్లా పరిషత్ హైస్కూలు, టౌన్‌లోని ట్యూషన్, డిగ్రీ కాలేజీలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు, ఈ మూడింటినీ మనసులో పెట్టుకుని రాసింది. ఇంగ్లీషు వాక్యాలను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇచ్చాం. మీరు క్విజ్ తయారు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయండి. తెలుగు లిపిలో ఇంగ్లీషు పెడితే స్పెల్లింగు పిల్లల కంటికి అలవాటు కాదు.

ఫోన్లు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కేసుకోండి

పిల్లల దగ్గర ఫోన్లు లేని బడికి ప్లికర్స్ అనే యాప్ బాగా పనికొస్తుంది. టీచరు దగ్గర ఒక ఫోను, పిల్లలందరికీ తలా ఒక కాగితం కార్డు ఉంటే చాలు. కార్డులు వాళ్ల వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, మామూలు సెట్టులో 40 ఉంటాయి. ప్రతి కార్డు మీదా నల్లటి గడుల బొమ్మ ఒకటి, దాని నాలుగు పక్కలా చిన్న అక్షరాల్లో ఏ, బి, సి, డి ఉంటాయి. పిల్లలు తాము అనుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. మీరు ఫోన్ కెమెరాను ఒక చివర నుంచి ఇంకో చివరకు నిదానంగా తిప్పితే ఎవరు ఏ జవాబు పట్టారో నమోదవుతుంది. ఏ రెండు కార్డుల బొమ్మా ఒకేలా ఉండదు కాబట్టి పక్కవాడిని చూసి తిప్పడం కుదరదు.

కార్డు నంబరూ రోల్ నంబరూ ఒకటే అయ్యేలా ఇవ్వండి, తర్వాత తికమక ఉండదు. మందపాటి కాగితం మీద ప్రింటు తీయించండి, లేదా పాత నోటుబుక్కు అట్టలకు అతికించండి. మెరిసే లామినేషన్ మాత్రం వద్దు. కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైటు దాని మీద పడి మెరిస్తే కెమెరా చదవలేదు. పిల్లలు బొమ్మ మీద వేళ్లు పెట్టినా అంతే, అందుకే అంచులు పట్టుకోవడం మొదటి రోజే నేర్పాలి. వెనక బెంచీల కార్డులు దొరకకపోతే మీరే నాలుగు అడుగులు ముందుకు వెళ్లండి.

నాడు-నేడు పనులు జరిగిన హైస్కూలులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకు పెట్టే పెద్ద టచ్ తెర) ఉంటే ప్రశ్న దాని మీద చూపించండి. ప్యానెల్ లేకపోయినా ఆట ఆగదు, ప్రశ్న నల్లబల్ల మీద రాసి కార్డులు స్కాన్ చేయొచ్చు. ప్యానెల్ ఒక్కటే ఉండి కార్డులు లేకపోతే, జట్లుగా విడగొట్టి ఆడించే బాంబూజిల్ ఉంది. దానికి పిల్లల చేతిలో ఏమీ అక్కర్లేదు.

అందరి దగ్గరా ఫోన్లుండే కాలేజీలో, స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్‌లో కహూట్ నడుస్తుంది. 2013లో నార్వేలో మొదలైన ఈ ఆటలో ప్రశ్న పెద్ద తెర మీద కనిపిస్తుంది, ఫోన్ల మీద నాలుగు రంగుల గడులు వస్తాయి. ఖాతా తెరవక్కర్లేదు, పిన్ కొట్టి చేరిపోవచ్చు. బెంగళూరులో 2015లో పుట్టిన క్విజిజ్‌కి 2025 నుంచి వేగ్రౌండ్ అని పేరు మారింది. అందులో ప్రశ్న ఎవరి ఫోన్‌లో వాళ్లకే వస్తుంది, ఎవరి వేగంతో వాళ్లు వెళ్తారు, గడువు పెట్టి హోంవర్కుగా కూడా ఇవ్వొచ్చు. నిదానంగా చదివే పిల్లలున్న క్లాసుకు కహూట్ కంటే ఇదే మేలు. పిల్లల చేత మాట్లాడించాలంటే క్విజ్‌లెట్ లైవ్ చూడండి. జట్టులో ఒక్కొక్కరి ఫోన్‌లో కొన్ని జవాబులే ఉంటాయి, సరైనది ఎవరి దగ్గరుందో అడిగి తెలుసుకోక తప్పదు. బ్లూకెట్ లాంటివి పిల్లలకు చాలా ఇష్టం, కానీ గెలుపులో అదృష్టం పాలు ఎక్కువ, చూపంతా ఆటలో దొరికే నాణేల మీదే ఉంటుంది. నేర్చుకున్న పదాలు నెమరువేయడానికి సరిపోతుంది, గ్రామరు నేర్పడానికి వద్దు.

ఉచిత ఖాతాలో ఎంతమంది ఆడొచ్చు, ఎన్ని ప్రశ్నలు పెట్టొచ్చు అన్నది ఈ కంపెనీలు తరచూ మారుస్తుంటాయి. క్లాసుకు ముందు రోజు మీ ఖాతాలో ఒకసారి చూసుకోండి.

తప్పు ఆప్షన్లు ఎక్కడి నుంచి తేవాలి

మీ పిల్లల నోటుబుక్కుల్లోంచి. ఒక ముప్పై పుస్తకాలు తిరగేసి, ఎక్కువమంది చేసిన తప్పులను ఒక కాగితం మీద రాసుకోండి. అదే మీ ప్రశ్నల గని. ఇంటర్నెట్టులో దొరికే రెడీమేడ్ క్విజ్‌లలో తప్పు ఆప్షన్లు మన పిల్లలు ఎన్నడూ చేయని తప్పులు. అందుకే వాళ్లు సులువుగా సరైనది నొక్కేస్తారు, మీకేమో పాఠం వచ్చేసిందని భ్రమ కలుగుతుంది. పైగా వాటిలో మంచు, డాలర్లు, హాలోవీన్ ఉంటాయి. పిల్లవాడు తడబడింది ఇంగ్లీషు దగ్గరా, ఆ సంగతి తెలియకపోవడం దగ్గరా అన్నది తేలదు.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు జారే చోట్లు కొన్ని ఎప్పుడూ ఉండేవే. వాటి మీద ప్రశ్నలు ఎలా కట్టాలో చూడండి.

"ఆరు గంటలకు" అనేటప్పుడు "కు" ఉంది కదా, పిల్లవాడి చేతికి "టు" వచ్చేస్తుంది. ప్రశ్న: "ది ట్రెయిన్ లీవ్స్ గుంతకల్ ____ సిక్స్ ఓ క్లాక్." ఆప్షన్లు: టు, ఎట్, ఇన్, ఆన్. "టు" నొక్కినవాళ్లు "కు"ని మోసుకొచ్చారు. "ఇన్" నొక్కినవాళ్లు ఊహించి నొక్కారు. ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటి కాదు. "పొద్దున టిఫిన్‌కి ఉగ్గాని తింటాం" కూడా ఇలాంటిదే: "వి ఈట్ ఉగ్గాని ____ బ్రేక్‌ఫాస్ట్." ఇక్కడ "ఫర్" రావాలి, "టు" మళ్లీ కాచుకుని ఉంటుంది.

తెలుగులో అక్క వచ్చినా "వచ్చింది", ఆవు వచ్చినా "వచ్చింది". క్రియలో తేడా లేదు కాబట్టి వేగంగా మాట్లాడేటప్పుడు "షి"కి బదులు "ఇట్", ఒక్కోసారి "హి" దొర్లుతుంది. "లక్ష్మి ఈజ్ మై సిస్టర్. ____ వర్క్స్ ఇన్ ధర్మవరం." ఆప్షన్లు: షి, ఇట్, హి, హర్. కాగితం మీద తొందరలేకుండా అడిగితే దీన్ని చాలామంది సరిగ్గానే రాస్తారు. వెంటనే జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడే తప్పు బయటపడుతుంది, అందుకే టైమరు తక్కువ పెట్టాల్సిన అరుదైన ప్రశ్నల్లో ఇదొకటి.

"పుట్టాడు" ఒక్క మాట. ఇంగ్లీషులో దానికి "వజ్" తోడు కావాలి. "నీలం సంజీవరెడ్డి ____ ఇన్ ఇల్లూరు ఇన్ 1913." ఆప్షన్లు: బార్న్, వజ్ బార్న్, ఈజ్ బార్న్, హాజ్ బార్న్. మన జిల్లా నుంచి వెళ్లి రాష్ట్రపతి అయిన మనిషి ఊరు, ఏడాది కూడా పిల్లల చెవిన పడతాయి. అలాగే "ధర్మవరంలో పట్టు చీరలు నేస్తారు" అన్నప్పుడు ఎవరు నేస్తారో తెలుగులో చెప్పక్కర్లేదు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు "శారీస్ ఆర్ వీవింగ్" అంటారు. ఆ మాటనే ఒక ఆప్షన్‌గా పెట్టి, పక్కన "ఆర్ వోవెన్" పెట్టండి. పాసివ్ వాయిస్ ఎందుకు కావాలో ఈ ఒక్క వాక్యంతో చెప్పొచ్చు.

"రాలేదు" దగ్గర "డిడ్ నాట్ కేమ్", "నాకు ఇద్దరు అన్నలున్నారు" దగ్గర "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్", "దాని గురించి చర్చించాం" దగ్గర "డిస్కస్డ్ అబౌట్ ఇట్", ప్రశ్న అడిగేటప్పుడు "వేర్ యు ఆర్ గోయింగ్". వీటి గురించి టీచర్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి "ఎ", "యాన్", "ది"తో పాటు "ఏదీ అక్కర్లేదు" అన్న ఆప్షన్ తప్పక పెట్టండి. అది లేకపోతే అసలు తప్పు బయటకు రాదు.

మన జిల్లాలో ఒకే క్లాసులో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, రాయదుర్గం వైపైతే కన్నడం మాట్లాడేవాళ్లు, తండాల నుంచి వచ్చేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల తప్పుల దారి వేరుగా ఉండొచ్చు. వాళ్ల పుస్తకాలు విడిగా చూసి ఒకటి రెండు ప్రశ్నలైనా వాళ్ల కోసం రాయండి.

ప్రశ్న రాసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. కహూట్‌లో ప్రశ్నకు 120 అక్షరాలు, ఆప్షన్‌కి 75 అక్షరాలు మించవు, కానీ అంత వరకూ పోవద్దు. పన్నెండు మాటల లోపు వాక్యమైతే ఎనిమిదో తరగతి పిల్లలు చదివి అర్థం చేసుకోగలరు. ఒక ప్రశ్నలో ఒకే సంగతి పరీక్షించండి. ప్రిపొజిషన్ అడుగుతూ అదే వాక్యంలో తెలియని మాటలు రెండు పెడితే ఎందుకు తప్పిందో మీకే తెలియదు. ఆప్షన్ల పొడవు దగ్గరదగ్గరగా ఉండాలి, అన్నిటికంటే పొడవైనది సరైనదని పిల్లలు రెండు ఆటల్లోనే పసిగడతారు. నాలుగో ఆప్షన్‌కి తగిన తప్పు దొరకకపోతే మూడు ఆప్షన్లతో సరిపెట్టండి, ఎవరూ నమ్మని ఆప్షన్ చోటు దండగ.

స్పెల్లింగుకి మాత్రం ఈ పద్ధతి వాడొద్దు. మూడు తప్పు స్పెల్లింగులు తెర మీద పెద్దగా చూపిస్తే, అందులో ఏదో ఒకటి కంటికి అతుక్కుపోతుంది. దానికి అక్షరాలు చెదరగొట్టి సర్దమనడం, లేదా జవాబు టైపు చేయించడం మంచిది.

వినికిడికి కూడా క్విజ్ బాగా పనికొస్తుంది, దానికి ఆడియో ఫైళ్లు అక్కర్లేదు. తెర మీద "వెస్ట్" అని రెండు రకాల స్పెల్లింగులు (ఒకటి "వి" అక్షరంతో, ఒకటి "డబ్ల్యూ"తో) పెట్టి, ఒకటి మీరు నోటితో పలకండి, ఏది విన్నారో పిల్లలు కార్డు చూపిస్తారు. తెలుగులో ఉన్నది ఒక్క "వ" మాత్రమే కాబట్టి మొదట్లో క్లాసు సగానికి సగం చీలిపోతుంది. "జూ"లో మొదటి ధ్వని, "ఫ్యాన్"లో "ఫ" ఇలాగే సాధన చేయించొచ్చు. పలికేటప్పుడు మీ పెదవులు కనిపించకుండా పుస్తకం అడ్డం పెట్టుకుంటే చెవి ఒక్కటే పని చేస్తుంది.

టైమరు, మార్కుల లెక్క

కహూట్‌లో మామూలు ప్రశ్నకు గరిష్ఠంగా 1000 పాయింట్లు. సరైన జవాబు వెంటనే నొక్కితే ఇంచుమించు మొత్తం వస్తాయి, చివరి క్షణంలో నొక్కితే సగం. ఇది తెలిస్తే టైమరు ఎంత పెట్టాలో మీరే తేల్చుకోవచ్చు. 20 సెకన్ల ప్రశ్నలో ఒక పిల్ల అదనంగా 10 సెకన్లు ఆలోచిస్తే 250 పాయింట్లు పోతాయి. అదే ప్రశ్నకు 60 సెకన్లు పెడితే ఆ 10 సెకన్లకు పోయేది 83 మాత్రమే. చదివి ఆలోచించే పిల్లకు శిక్ష పడకూడదంటే టైమరు పెంచడమే దారి. పదాల అర్థాలకు 20, గ్రామరు వాక్యాలకు 60, చిన్న పేరా చదివి చెప్పాల్సినవాటికి 90 లేదా 120 సెకన్లు పెట్టండి. అందరూ ముందే నొక్కేస్తే ఆట తనంతట అదే ముందుకు పోతుంది, ఎక్కువ పెట్టినందువల్ల సమయం వృథా కాదు. వేగ్రౌండ్‌లో టైమరు పూర్తిగా తీసేసే వీలుంది, హోంవర్కుకు అలాగే ఇవ్వండి.

45 నిమిషాల పీరియడ్‌కు ఎనిమిది ప్రశ్నలు చాలు. కార్డులు పంచడానికో పిన్ కొట్టడానికో ఐదు నిమిషాలు, ఒక్కో ప్రశ్నకు జవాబు, చర్చ కలిపి మూడు నిమిషాలు, చివర్లో నోటుబుక్కు పనికి పది నిమిషాలు. మిగిలే ఆరు నిమిషాలు చర్చ పొడిగే ప్రశ్నలకు ఉంచుకోండి, తొమ్మిదో ప్రశ్న పెట్టొద్దు.

ఆట నడిపేటప్పుడు

ప్రశ్నను మీరు ఒకసారి పైకి చదవండి, ఖాళీ దగ్గర ఆగి చదవండి. చదవడం ఇంకా రాని పిల్లలు కూడా అప్పుడు ఆటలో ఉంటారు.

ప్లికర్స్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఎన్ని ఓట్లు ఎటు పడ్డాయో గ్రాఫ్ చూస్తూనే, సరైన జవాబు ఏదో చెప్పకుండా ఆపొచ్చు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ఇలాంటి ఓట్లతో పాఠం నడిపే పద్ధతిని తీర్చిదిద్దాడు. ఇంగ్లీషుకు కూడా అది అక్షరాలా పనిచేస్తుంది. సరైన జవాబుకు ఓట్లు నూటికి 30 నుంచి 70 మధ్య ఉంటే ఏమీ చెప్పకండి. "పక్కవాళ్లతో మాట్లాడి, నీదే ఎందుకు సరైనదో ఒప్పించు" అనండి. ఒక నిమిషం తర్వాత మళ్లీ కార్డులు ఎత్తించండి. రెండోసారి గ్రాఫ్ సరైన వైపు కదలడం కంటికి కనిపిస్తుంది. ఈ చర్చ తెలుగులో జరిగినా అభ్యంతరం పెట్టొద్దు, కారణం వెతకడమే ఇక్కడ ముఖ్యం. 30 లోపు ఉంటే మాట్లాడించి లాభం లేదు, తెలిసినవాళ్లే లేరు, మీరు బోర్డు దగ్గరకు వెళ్లి మళ్లీ చెప్పాలి. 70 దాటితే ఒక్క మాటలో కారణం చెప్పి ముందుకు సాగండి. కహూట్‌లో టైమరు అయిపోగానే సరైనది బయటపడుతుంది కాబట్టి, అదే సంగతి మీద వాక్యం మార్చి రెండో ప్రశ్న పక్కనే తయారుగా పెట్టుకోండి.

జవాబు తెలిశాక తప్పు ఆప్షన్ గురించి అడగాలి: "'టు' అని ఎందుకు అనిపిస్తుంది?" ఎవరు నొక్కారని అడగొద్దు, ఎందుకు అనిపిస్తుందని అడిగితే నొక్కినవాళ్లు కూడా సిగ్గుపడకుండా చెబుతారు. "గంటలకు" అన్న మాట వాళ్ల నోటి నుంచే వస్తుంది. తర్వాత పూర్తి వాక్యాన్ని, సరైన రూపంలో, క్లాసంతా రెండుసార్లు పైకి పలకాలి. చివరగా చెవిన పడేది సరైన వాక్యమే అయితే, ఇందాక తెర మీద చూసిన తప్పు మనసులో నిలిచే అవకాశం తగ్గుతుంది.

అడ్డం తగిలేవి

నెట్ పోవడం మామూలే. చాలా ఫోన్ల హాట్‌స్పాట్‌కు ఎనిమిది, పది ఫోన్లకు మించి ఎక్కవు. ముప్పైమందిని ఒకదాని మీద ఎక్కించాలని చూడకుండా, నలుగురికి ఒక ఫోను చొప్పున జట్లు చేయండి. జట్టులో ఫోను పట్టుకునేవాళ్లు ప్రతి ప్రశ్నకూ మారాలి, లేకపోతే ఒక్కడే ఆడతాడు, ముగ్గురు చూస్తారు. ప్రశ్నల్లో వీడియోలు, బరువైన బొమ్మలు తగ్గిస్తే డేటా కూడా తక్కువ అవుతుంది. కరెంటు పోయే ఊళ్లలో ఎనిమిది ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. బోర్డూ వేళ్లూ చాలు: ఒక వేలు ఏ, రెండు వేళ్లు బి.

అల్లరి పేర్లతో చేరేవాళ్లు ఉంటారు. కహూట్‌లో పేర్లు తనే ఇచ్చే సెట్టింగు ఉంది, దాన్ని ఆన్ చేయండి, లేదా రోల్ నంబరుతో మాత్రమే చేరమనండి. పిల్లల పూర్తి పేర్లు ఏ యాప్‌లోనూ పెట్టకపోవడమే మంచిది.

ప్రతి ప్రశ్నకూ ర్యాంకులు చూపిస్తే ముందున్న నలుగురైదుగురు మెరుస్తారు, వెనకవాళ్లు నాలుగో ప్రశ్నకే ఏదో ఒకటి నొక్కడం మొదలుపెడతారు. రెండు సెకన్లలో వచ్చే జవాబులు చదివి ఇచ్చినవి కావు. దీనికి మందు జట్టు స్కోరు, లేదా క్లాసు మొత్తానికి ఒకే లక్ష్యం: "ఈ రోజు ఎనిమిదిలో ఆరు ప్రశ్నలకు క్లాసులో ముప్పావు వంతు సరిగ్గా చెప్పాలి." అప్పుడు బాగా వచ్చిన పిల్లలే పక్కవాళ్లకు నేర్పడానికి తొందరపడతారు.

ఆట అయ్యాక

గెలిచినవాళ్ల పట్టిక కంటే ప్రశ్నల వారీ రిపోర్టు విలువైనది. ఆ రిపోర్టు తెరిచి, సగం మంది కూడా సరిగ్గా చెప్పని ప్రశ్నలు ఏవో, వాటిలో ఏ తప్పు ఆప్షన్‌కి ఎక్కువ ఓట్లు పడ్డాయో చూడండి. ఓట్లన్నీ ఒకే తప్పు మీద పడితే అది తెలుగు నుంచి వచ్చిన అలవాటు, ఎదురుగా రెండు భాషల వాక్యాలు రాసి తేడా చూపితే దారికొస్తుంది. ఓట్లు మూడు తప్పుల మీదా చెల్లాచెదురైతే పాఠమే ఎక్కలేదు, లేదా మీ ప్రశ్న అర్థం కాలేదు. ప్రశ్నను మళ్లీ మీరే చదివి చూసుకోండి.

క్లాసులో చివరి పది నిమిషాల్లో ప్రతి ఒక్కరూ తాము తప్పిన ప్రశ్నల సరైన వాక్యాన్ని నోటుబుక్కులో రాసి, అదే నమూనాలో సొంత వాక్యం ఒకటి కట్టాలి. గుంతకల్ రైలు వాక్యం తప్పినవాడు తన ఊరి బస్సు ఎన్నింటికి వస్తుందో రాస్తాడు.

కష్టమైన ప్రశ్నలను మూడు రోజుల తర్వాత, తర్వాతి వారం, నెల తర్వాత మరోసారి తెండి. వాక్యం మార్చండి, సంగతి మార్చొద్దు. అదే వాక్యం మళ్లీ పెడితే పిల్లలు జవాబును గుర్తుపెట్టుకుంటారు గానీ నియమాన్ని కాదు. ప్రతి కొత్త క్విజ్‌లో ఎనిమిదింటిలో రెండు పాతవి ఉండేలా చూసుకుంటే సరిపోతుంది, దీనికోసం వేరే పీరియడ్ అక్కర్లేదు.

రెండు మూడు నెలలు ఇలా నడిచాక ప్రశ్నలు పిల్లలతోనే రాయించండి. నలుగురి జట్టు, రెండు ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు ఒక సరైన జవాబు, రెండు తప్పులు. ఒకే షరతు: ప్రతి తప్పు ఆప్షన్ పక్కనా "ఎవరైనా ఇది ఎందుకు నొక్కుతారు" అని ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ ఆప్షన్ కొట్టేసి ఇంకోటి వెతుక్కోవాలి. మీరు దిద్ది, బాగున్న ఎనిమిది ఎంచి, కింద ఆ జట్టు పేరు పెట్టి తర్వాతి శనివారం క్లాసుకు ఆడించండి.